రెండు పుస్తకాలు రెండు మాటలు చెబితే ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: అక్కా, వందనాలు. నాకు చదవడం ఇష్టం. సభలకు వెళ్లినప్పుడల్లా బుక్ స్టాల్ దగ్గర రెండు మూడు పుస్తకాలు కొంటాను. ఈ మధ్య చదివిన ఒకదానిలో, విశ్వాసం ఉంటే జబ్బు ఉండదు, జబ్బు ఉందంటే విశ్వాసంలోనే లోపం అని రాశారు. ఇంకోదానిలో శ్రమలన్నీ దేవుడు ఇచ్చేవే, నోరెత్తకుండా ఓర్చుకోవాలి అని ఉంది. ఇద్దరూ వాక్యాలు చూపిస్తున్నారు. మా అమ్మకు పదేళ్లుగా షుగర్. మొదటి పుస్తకం చదివి వినిపించాక ఇన్సులిన్ మానేస్తానంటోంది. మా పాస్టరు గారిని అడిగితే "బైబిల్ ఒక్కటి చాలమ్మా, ఈ పుస్తకాలన్నీ ఎందుకు" అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక సోదరి, తణుకు

జవాబు: చెల్లీ, ముందు అమ్మగారి సంగతి. ఇన్సులిన్ ఒక్క పూట కూడా ఆపనివ్వకండి. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి ఈ మాట మీకు విడిగా ఉత్తరంలో కూడా రాశాను. ప్రార్థన చేయండి, మందూ వేయండి.

ఇక పుస్తకాలు. మీ పాస్టరు గారి భయం నాకు అర్థమవుతుంది, ఒక్క పుస్తకం చదివి సంఘం వదిలేసినవాళ్లను నేనూ చూశాను. కానీ అపొస్తలుడు పౌలు చెరసాలలో ఉండి, ఇక తన పని అయిపోయిందని తెలిసి కూడా, శిష్యుడు తిమోతికి రాసిన చివరి ఉత్తరంలో ఏం అడిగాడో చూడండి, త్రోయ పట్టణంలో వదిలేసిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలు తెమ్మన్నాడు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు (2 తిమోతి 4:13). చలికాలం ముందుంది, చావు ముందుంది, అయినా పుస్తకాలు కావాలి ఆయనకు. కాబట్టి చదవడం తప్పేమీ కాదు. చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ ప్రసంగం విన్నట్టు తల ఊపుతూ చదవడంతోనే చిక్కు.

బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పింది నిజమో కాదో అని రోజూ లేఖనాలు తిరగేసి చూశారు (అపొ. కార్య. 17:11). వాళ్లను అవిశ్వాసులని ఆ సంగతి రాసిన లూకా తిట్టలేదు, ఘనులని రాశాడు. పౌలునే పరీక్షించినప్పుడు మన బుక్ స్టాల్ రచయితను పరీక్షిస్తే తప్పేముంది?

పరీక్షించడం ఎలా అంటే, రచయిత ఒక వచనం చూపిస్తే ఆ అధ్యాయం మొత్తం చదవండి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి వాగ్దానంగా మనం తీసుకునే వచనాల కార్డుల్లో యిర్మీయా 29:11 ఎంతమందికి వచ్చి ఉంటుందో! "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట చదివి ఈ ఏడాదే మనం అనుకున్నది నెరవేరుతుందని ఆశపడతాం. దాని పై వచనమే చూడండి, బబులోను చెరలో డెబ్బై ఏళ్లు పూర్తయ్యాకే మిమ్మల్ని తిరిగి రప్పిస్తానని ఉంది. ఆ మాట విన్న పెద్దవాళ్లు చాలామంది యెరూషలేము మళ్లీ చూడకుండానే పోయి ఉంటారు. అంతమాత్రాన వాగ్దానం అబద్ధమైపోలేదు, కార్డు మీద పట్టనంత పెద్దదని తెలుస్తుంది, అంతే.

అలాగే మీ మొదటి పుస్తకం. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అన్న యెషయా మాట అందులో తప్పకుండా ఉండి ఉంటుంది. పేతురు ఆ మాటను పాపం నుంచి విడుదల గురించి చెబుతూ వాడాడు (1 పేతురు 2:24). మత్తయి మాత్రం అదే అధ్యాయాన్ని యేసు రోగులను బాగుచేసిన సందర్భంలోనే గుర్తుచేశాడు (మత్తయి 8:17). అంటే దేవుడు శరీరాన్ని బాగుచేయడని ఎవరూ అనలేరు, నేనూ అనను. కానీ బాగుకాకపోతే విశ్వాసం లేనట్టే అన్న రెండో మెట్టు ఉంది చూశారా, అక్కడ ఆగాలి. పౌలు ఒంటిమీది చేతిగుడ్డలు తగిలి రోగులు బాగయ్యారు, అదే పౌలు జబ్బుపడిన తన తోటి పనివాడు త్రోఫిమును మిలేతు పట్టణంలో వదిలి వచ్చాడు. తిమోతి కడుపు జబ్బుకు ఉపాయం చెప్పాడే గాని నీకు విశ్వాసం తక్కువ అనలేదు. శరీరంలో ముల్లు అని తాను చెప్పుకున్న బాధను తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకుంటే ఆయనకు దొరికిన జవాబు "నా కృప నీకు చాలును". ఇవన్నీ వదిలేసి రాసిన పుస్తకం ఎంత ఉత్సాహంగా ఉన్నా సగం పుస్తకమే. పైగా ఆ మిగతా సగం లేకపోవడం వల్ల మీ అమ్మగారిలాంటివాళ్లు జబ్బుతో పాటు తప్పు చేశామన్న బాధ కూడా మోస్తారు, నాకు కోపం వచ్చేది అక్కడే.

రెండో పుస్తకాన్నీ అలాగే మింగేయకండి. రోగి ఉంటే సంఘపు పెద్దల్ని పిలిచి ప్రార్థన చేయించుకోమని యాకోబు చెప్పాడు, ఊరికే పడి ఉండమనలేదు. శ్రమలన్నీ దేవుడిచ్చినవే అన్న మాట పట్టుకుని, తాగొచ్చి కొట్టే భర్త దగ్గర పడి ఉండమని ఆడపిల్లలకు చెప్పడం నా చెవులతో విన్నాను. ఆ దెబ్బలు దేవుడిచ్చిన శ్రమ కాదు, ఆ మనిషి చేస్తున్న పాపం.

ప్రశ్న: పరలోకం చూసి వచ్చామని, నరకం చూసి వచ్చామని రాసిన సాక్ష్యాలు చదివితే నాకు విశ్వాసం పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. మా రూమ్మేట్ నవ్వుతాడు. చదవొచ్చా? – ఒక తమ్ముడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, నవ్వే విషయం కాదిది. చనిపోయినవాళ్ల గురించి తెలుసుకోవాలన్న ఆశ ఎవరికి ఉండదు? మా నాన్నగారు పోయిన ఏడాది నేను అలాంటివి వరసగా చదివాను.

కానీ ఒక సంగతి తెలుసుకోండి. 2010లో అమెరికాలో ఇలాంటి పుస్తకం ఒకటి వచ్చింది, కారు ప్రమాదంలో దెబ్బతిన్న ఒక చిన్న అబ్బాయి పరలోకం చూసి వచ్చాడని. విపరీతంగా అమ్ముడైంది. 2015లో ఆ అబ్బాయే బహిరంగ లేఖ రాశాడు, నేను చనిపోలేదు, పరలోకం వెళ్లలేదు, అందరూ పట్టించుకుంటారని అలా చెప్పాను, బైబిల్ చదవండి చాలు అని. ప్రచురణకర్తలు ఆ పుస్తకాన్ని ఆపేశారు. అప్పటిదాకా దాని మీద విశ్వాసం కట్టుకున్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి.

యేసు బతికించిన లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచాడు, అక్కడేం చూశాడో యోహాను ఒక్క ముక్క రాయలేదు. మూడో ఆకాశానికి కొనిపోబడిన మనిషి గురించి పౌలు రాస్తూ, అక్కడ విన్న మాటలు పలకడం ఏ మనిషికీ తగదన్నాడు. పద్నాలుగేళ్ల కిందటి సంగతది, దాన్ని కూడా ఇష్టం లేకుండానే బయటపెట్టాడు. అందుకే ఎవరైనా అక్కడి వీధులు, బట్టలు, భోజనాల దాకా వివరంగా రాస్తే నేను ఆ పుస్తకం మూసేస్తాను. రాసినవాళ్లంతా అబద్ధికులని అనడం లేదు. లేఖనం మౌనంగా ఉన్నచోట వాళ్ల మాట మీద నేను నిలబడలేను, అంతే.

ప్రశ్న: మంచి పుస్తకంతో మొదలుపెట్టాలని ఉంది. పది పేజీలు దాటడం లేదు, ఫోన్ చేతిలోకి వచ్చేస్తోంది. – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: పదిహేడో శతాబ్దపు పుస్తకం చెబుతున్నానని వెనకాడకండి, విశ్వాసి జీవితాన్ని ఒక ప్రయాణంగా చెప్పే కథ, యాత్రికుని ప్రయాణము. దాన్ని రాసిన జాన్ బన్యన్ అనుమతి లేకుండా ప్రసంగిస్తున్నాడని 1660లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ జైల్లో వేస్తే దాదాపు పన్నెండేళ్లు ఉన్నాడు. పుస్తకం 1678లో అచ్చయింది. తెలుగులో దొరుకుతుంది, పాత తర్జుమా అయితే భాష కొంచెం గట్టిగా ఉంటుంది, పైకి చదివితే తేలికవుతుంది.

అందులో యాత్రికుడూ అతని స్నేహితుడూ దారి తప్పి నిరాశ అనే రాక్షసుడి కోటలో చిక్కుకుంటారు. బుధవారం నుంచి శనివారం రాత్రి దాకా చీకటి కొట్లో దెబ్బలు తింటూ, చచ్చిపోవడమే మేలనుకునేదాకా వస్తారు. అప్పుడు యాత్రికుడికి గుర్తొస్తుంది, వాగ్దానం అనే తాళంచెవి మొదటినుంచీ తన రొమ్ము దగ్గరే ఉందని. దానితో తలుపులన్నీ తెరుచుకుంటాయి, బయటి ఇనుప గేటు తాళం మాత్రం చాలా కష్టంగా తిరుగుతుంది. ఆ కష్టంగా తిరిగిన తాళం కోసమే నేను ఆ పుస్తకాన్ని నమ్ముతాను.

రోజుకు నాలుగు పేజీలు చాలు. ఫోన్ పక్క గదిలో పెట్టండి. మీ స్త్రీల కూడికలో ఇంకొకరిని జత చేసుకుని, ఇద్దరూ అవే పేజీలు చదివి ఆదివారం మాట్లాడుకోండి, మీకు తోచనిది ఆమెకు తోస్తుంది. ఎక్కడ ఆగిపోయారో నాకు రాయండి, పేజీ నంబరుతో సహా.