అటక మీది పాషాణం డబ్బా

అమ్మడూ,

నిన్న నీ ఫోన్ వచ్చినప్పుడు నా గుండె జారిపోయింది. కంగారులో ఏం చెప్పానో, నువ్వేం విన్నావో! అందుకే రాసి పంపుతున్నాను.

అటక మీద దొరికిన డబ్బా మూత మీద మీ తాతయ్య చేతిరాతతో ‘పాషాణం’ అని ఉందన్నావు. అప్పట్లో బియ్యప్పిండిలో కలిపి ఎలుకలకు పెట్టేవాళ్లు. అదే ఆర్సెనిక్. రుచీ వాసనా ఉండవు కాబట్టి కుక్క మూతి తిప్పుకోదు.

మీ కుక్క బ్రూనో దాన్ని వాసన చూసి వదిలేసింది సరే. ఎప్పుడైనా నాకిందని అనుమానం వస్తే మాత్రం వాంతులయ్యేదాకా ఆగొద్దు. కాసేపటికో, కొన్ని గంటలకో కక్కుతుంది, కడుపునొప్పితో ముడుచుకుంటుంది, నీళ్ల విరేచనాలు, వాటిలో రక్తం, లేస్తే తూలుడు. అక్కడిదాకా వచ్చాక విరుగుడు అంతగా పనిచెయ్యదు.

కక్కించడానికని ఉప్పునీళ్లు మాత్రం పట్టొద్దు. నా చిన్నప్పుడు మా ఇంటి కుక్క ఎలుకలకు పెట్టిన పిండిముద్ద తింటే మా నాన్న దవడలు విడదీసి చెంబుడు ఉప్పునీళ్లు పోశాడు. మధ్యాహ్నానికి పోయింది. చంపింది విషమో ఉప్పో నాకిప్పటికీ తెలియదు. పాలు, కోడిగుడ్డు సొన అంటూ కూర్చుంటే టైమ్ పోతుంది, అంతే.

డబ్బా, కక్కితే అది కూడా కవర్లో వేసుకుని ఆటో ఎక్కు. ఎప్పుడు తిందో, బ్రూనో బరువెంతో పశువుల డాక్టరు గారికి చెప్పు. కక్కించాలా, కడుపు కడగాలా అన్నది ఆయన చూసుకుంటారు. విషాన్ని పీల్చడానికి పట్టే బొగ్గు పొడి ఆర్సెనిక్‌ను పెద్దగా పట్టుకోదు. అసలు విరుగుడు డైమెర్కాప్రాల్ ఇంజెక్షన్. రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్సెనిక్ విషవాయువుకు విరుగుడుగా బ్రిటిష్ వాళ్లు కనిపెట్టిన మందే! వేరుశెనగ నూనెలో ఉంటుంది, కండలోకి లోతుగా పొడుస్తారు, మొదట్లో 4 గంటలకోసారి. బాగా నొప్పి, బ్రూనో కరవబోతుంది, మూతికి గుడ్డ కట్టు. కానీ వాంతులవుతుంటే కట్టకూడదు, ఊపిరాడదు. ఆ మందు అన్నిచోట్లా దొరకదు కాబట్టి ఏ ఆసుపత్రిలో ఉందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకో. కిడ్నీలు దెబ్బతినకుండా సెలైన్ కూడా ఎక్కిస్తారు.

పక్కింటి పిల్లి అటక మీద తిరుగుతుందన్నావు. పిల్లికి బొచ్చుకు అంటినా చాలు, నాక్కుంటుంది. గ్లోవ్స్ వేసుకుని సబ్బునీళ్లతో కడగాలి.

డబ్బాను కాలవలో పారబోయకు, మంటలో వెయ్యకు, ఆ పొగా విషమే. రెండు కవర్లలో బిగించి కట్టి, పైన పేరు రాసి, మున్సిపాలిటీ వాళ్లను అడిగి అప్పగించు. అప్పటిదాకా బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

రాత్రికి బ్రూనో అన్నం తిందో లేదో మెసేజ్ పెట్టు.

మీ మామయ్య