కాజీపేట రైల్వే గణాంకాల పోలిక: సమాధానం

నమస్కారం. కాజీపేటలో ప్రయాణికుల రాబడి 2020-21 తరువాత అమాంతం పెరిగినట్లు, సరుకు రవాణాలో అంత ఎగుడుదిగుడు లేనట్లు కనిపిస్తోందని, దీనిని ప్రాజెక్టు నివేదికలో ఎలా రాయాలని మీరు అడిగారు.

దానిని నిజమైన పెరుగుదలగా దయచేసి రాయకండి. 2020 మార్చి చివరి వారంలో ప్రయాణికుల రైళ్లు దేశమంతటా నిలిచిపోగా, బొగ్గు, ఎరువులు, ధాన్యం మోసే గూడ్సు రైళ్లు నడుస్తూనే ఉన్నాయి కనుక, 2020-21ని ప్రాతిపదికగా తీసుకుంటే వచ్చే శాతాలు తప్పుదారి పట్టిస్తాయి. లాక్‌డౌన్ తాకని 2018-19తో పోల్చండి.

సరుకు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లోడింగును, అంటే రైలుకెక్కించిన సరుకును, వ్యాగన్లు నింపిన చోటే లెక్కిస్తారు కాబట్టి, మంచిర్యాల వైపు నుండి కాజీపేట మీదుగా వెళ్లే సింగరేణి బొగ్గు కాజీపేట లోడింగులో చేరదు. రామగుండం ఎన్టీపీసీకి గనుల నుండి సొంత రైలు మార్గంలో వెళ్లే బొగ్గు అసలు రైల్వే లెక్కలోకే రాదు. ఉత్తర తెలంగాణ బొగ్గు రవాణాను అంచనా వేసేటప్పుడు ఇక్కడ పొరబడే అవకాశం ఉంది. అందుచేత స్టేషను లెక్క కాక సికింద్రాబాద్ డివిజను లెక్క తీసుకుని, టన్నులతో పాటు టన్ను-కిలోమీటర్లను (టన్నులను మోసిన దూరంతో గుణించిన లెక్క) కూడా చూపండి.

ప్రయాణికులకూ అంతే: దగ్గరి జమ్మికుంటకు వెళ్లే ప్రయాణికుడూ దూరాన ఢిల్లీకి వెళ్లే ప్రయాణికుడూ సంఖ్యలో సమానమే, రాబడిలో కాదు.