అమెరికా బేస్‌బాల్ ఆటగాడు ఎడ్డీ అల్వారెజ్ ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచినా, మేజర్ లీగ్‌కు కింది స్థాయైన మైనర్ లీగ్‌లోనే ఎందుకు ఎక్కువకాలం ఆడాడు?

ఆ రెండు పతకాల్లో మొదటిది బేస్‌బాల్‌లో వచ్చింది కాదు, అసలు తిరకాసు అక్కడే ఉంది. మయామీలో క్యూబా మూలాలున్న కుటుంబంలో పుట్టిన ఎడ్డీ చిన్నప్పుడు బీచ్ పక్క కాలిబాటల మీద చక్రాల స్కేట్లేసుకుని తిరిగిన పిల్లాడు. మంచు ముఖం చూడని ఊరి నుంచి వెళ్లి, 2014 సోచి వింటర్ ఒలింపిక్స్‌లో 5000 మీటర్ల షార్ట్ ట్రాక్ (మంచు మీద స్కేటింగ్ పరుగు) రిలేలో రజతం తెచ్చాడు. అంతకు రెండేళ్ల ముందే రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది.

అదే ఏడాది షికాగో వైట్ సాక్స్‌తో మైనర్ లీగ్ ఒప్పందం. అప్పటికి వయసు 24. చాలామంది పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్లలోపే చేరే చోట ఆలస్యంగా మొదలుపెట్టాడన్నమాట. షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ లాంటి ఫీల్డింగ్ స్థానాల్లో ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడాడు. చివరికి 2020 ఆగస్టులో, మయామీ మార్లిన్స్ జట్టులో చాలామందికి కరోనా సోకితే, 30 ఏళ్ల వయసులో మేజర్ లీగ్ పిలుపొచ్చింది. అదీ సొంతూరి జట్టుకు!

ఇక రెండో పతకం. అప్పట్లో మేజర్ లీగ్ క్లబ్బులు తమ 40 మంది ప్రధాన ఆటగాళ్ల జాబితాలో ఉన్నవాళ్లను ఒలింపిక్స్‌కు వదిలేవి కావు. అందుకే 2021లో జరిగిన టోక్యో క్రీడలకు అమెరికా మైనర్ లీగ్ కుర్రాళ్లను, సీనియర్లను పోగేసింది. ఆ జట్టులో చేరిన ఎడ్డీ ప్రారంభోత్సవంలో బాస్కెట్‌బాల్ తార స్యూ బర్డ్‌తో కలిసి జెండా పట్టుకున్నాడు. ఫైనల్లో జపాన్ చేతిలో 0-2తో ఓడారు, మళ్లీ రజతమే. వింటర్, సమ్మర్ రెండింట్లోనూ పతకం గెలిచిన అమెరికన్లలో అతను మూడోవాడు.