తమ్ముడు ఎవరితోనూ మాట్లాడటం లేదు.. డాక్టర్ మాట వినాలా, గూడెం పెద్దల మాట వినాలా?

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. ఏడాది లోపే మా చుట్టుపక్కల ఇద్దరు కుర్రాళ్లు ప్రాణాలు తీసుకున్నారు. బయటివాళ్లు తాగుడు వల్లే అంటున్నారు. డాక్టర్ డిప్రెషన్ అన్నారు. మా పటేల్ (గూడెం పెద్ద) మాత్రం ‘హాస్టల్‌కు పోయొచ్చిన పిల్లలు ఇటూ కాకుండా అటూ కాకుండా అయిపోతున్నారు’ అంటారు. ఇంటర్ తప్పి ఇంటికొచ్చిన మా తమ్ముడు (19) నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. భయంగా ఉంది. ఎవరి మాట వినాలి?
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడి సంగతి చూద్దాం. ఈ రోజే పక్కన కూర్చుని, మీ గోండీలోనే సూటిగా అడగండి, ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగే మనిషి ఒకరున్నారని తెలిస్తే మనసు కాస్త తేలికపడుతుంది. అవునన్నా, ఏమీ చెప్పకుండా తల దించుకున్నా ఒంటరిగా వదలకండి. పత్తికి కొట్టే మందు ఇంట్లో ఉంటే ఈ పూటే వేరే చోట పెట్టి తాళం వేయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ఆ తర్వాత ఆదిలాబాద్ రిమ్స్ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి.

ఇక మీ పటేల్ మాట. దాన్ని నేను తోసిపుచ్చను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆదివాసీ సమూహాలు దాదాపు 200 ఉన్నాయి. అక్కడి యువత ఆత్మహత్యలపై చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. బయటివాళ్లు ‘ఆదివాసీలలో ఇది ఎక్కువే’ అని అందరినీ ఒకే గాటన కట్టేవారు. లెక్క తీస్తే సగానికి పైగా సమూహాల్లో, చూసిన ఆరేళ్లలో ఒక్క యువ ఆత్మహత్య కూడా లేదు. బడి, వైద్యం, భూమి హక్కు కోసం పోరాటం, సొంత పాలన వంటివి తమ చేతిలో ఉంచుకున్నచోట పిల్లలు నిలబడ్డారు. సొంత భాష ఎక్కువమంది మాట్లాడేచోట కూడా అంతేనని 2007లో మరో అధ్యయనంలో తేలింది. ఇవి సమూహాలను పోల్చిన లెక్కలు, ఒక మనిషి జబ్బుకు మందు చెప్పవు. కానీ మీ పటేల్ చూస్తున్నదీ ఇదే.

హాస్టల్ పిల్లలతో మాట్లాడినప్పుడు నాకు మార్కుల టెన్షన్ కంటే ఎక్కువగా వినిపించేది యాసను, పేరును వెక్కిరించారన్న బాధ. ఇంటికొస్తేనేమో ‘చదువుకొని ఏం సాధించావు’ అన్న మాట. పరీక్ష తప్పినవాడికి ఈ రెండూ కలిసి మీద పడతాయి. తాగుడు ఆ బాధను తగ్గించదు, తొందరపాటును పెంచుతుంది.

కాబట్టి డాక్టరా, పెద్దలా అని ఎంచుకోవాల్సిన పని లేదమ్మా. మీ గోండు పెద్దల పంచాయితీ అయిన రాయి సెంటర్‌లో, దాని పెద్ద సార్మేడితో ఈ విషయం మాట్లాడండి. చనిపోయిన పిల్లల ఇళ్లను తప్పుపట్టకుండా, పరీక్ష తప్పినవాళ్లను నలుగురిలో నిలదీయకుండా చూడమనండి. దండారి ఆటపాటలకు మీ తమ్ముణ్ని కూడా పిలవమనండి. రానంటే బలవంతం వద్దు, వారం తర్వాత మళ్లీ పిలవాలి.

డాక్టర్ మందులు రాస్తే ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. ఈ వయసులో మొదటి వారాల్లో అలజడి పెరిగే అవకాశం ఉంది కాబట్టి రోజూ కనిపెట్టుకుని ఉండండి. పెరిగితే వెంటనే డాక్టర్‌కు చెప్పండి, మందు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.