అర్థం చెప్పేవారు లేనప్పుడు

ప్రశ్న: మా సంఘంలో ఆరాధన జరుగుతుండగా కొందరు భాషలతో, అంటే పరిశుద్ధాత్మ ఇచ్చే వరంగా నమ్మే, వినేవారికి తెలియని మాటలతో, బిగ్గరగా ప్రార్థిస్తారు. పక్కనున్నవారికి ఒక్క మాటా అర్థం కాదు. ఆపమని అడిగితే ఆత్మను ఆర్పినట్లు, అంటే పరిశుద్ధాత్మ పనిని అడ్డుకున్నట్లవుతుందా?

జవాబు: మీరు అడగవలసింది ఆపమని కాదు, క్రమం పాటించమని. కొరింథు సంఘంలో ఇదే చిక్కు తలెత్తినప్పుడు అపొస్తలుడైన పౌలు ఆ వరాన్ని తక్కువ చేయలేదు. తాను వారందరికంటె ఎక్కువగా భాషలతో మాట్లాడుతున్నానని చెబుతూనే, సంఘంలో మాత్రం భాషతో పదివేల మాటలు పలకడంకంటె ఇతరులకు బోధ కలిగేలా అయిదు మాటలు పలకడమే మేలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో స్పష్టం చేశాడు. నీ కృతజ్ఞతాస్తుతి అర్థం కానివాడు దానికి ‘ఆమేన్’ అని ఎలా పలుకుతాడని ఆయన అడిగిన ప్రశ్న నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆయన మనసు అర్థంకాక మిగిలిపోయినవాడి పక్షాన నిలిచింది. ఆయన చెప్పిన క్రమం ఇది: ఇద్దరు, మించితే ముగ్గురు, వంతులచొప్పున మాట్లాడాలి, ఒకరు అర్థం చెప్పాలి. చెప్పేవారు లేకపోతే మాట్లాడేవాడు సంఘంలో మౌనంగా ఉండి తనతోను దేవునితోను మాట్లాడుకోవాలి. భాషలతో మాట్లాడటాన్ని ఆటంకపరచవద్దని కూడా అదే అధ్యాయం చివర ఉంది గనుక, ముందుగా మీ సంఘపెద్దలతో కలిసి ఆ అధ్యాయం మొత్తం చదవండి.