కూనవరం: తాత కాగితంలో తూర్పు గోదావరి, నాన్న టీసీలో ఖమ్మం, ఏది కరెక్ట్?

అన్నా, టెన్షన్ పడకండి, రెండూ కరెక్టే. ఊరు ఎక్కడికీ పోలేదు, జిల్లా గీతే మారుతూ వచ్చింది.

మీ తాతగారి కాగితం 1950ల నాటిది అన్నారు కదా, అప్పటికి కూనవరం ఉన్న భద్రాచలం తాలూకా మొత్తం తూర్పు గోదావరిలోనే ఉంది. 1959లో దాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు, అందుకే ఆ తర్వాత చదువుకున్న మీ నాన్నగారి టీసీలో ఖమ్మం. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలతో పాటు కూనవరం ఆంధ్రప్రదేశ్‌కి వచ్చి మళ్లీ తూర్పు గోదావరి అయింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది.

కాబట్టి పాత రికార్డులు ఇప్పటి జిల్లా పేరుతో వెతక్కండి, దొరకవు. తాలూకా పేరు, ఊరి పేరు పట్టుకుని వెతకండి. జనాభా లెక్కల పుస్తకాలైతే 1951కి తూర్పు గోదావరిది, 1961 నుంచి 2011 వరకు ఖమ్మంది చూడాలి. ఆఫీసులో అడిగితే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, 1959 మార్పు సంగతి అర్జీలోనే ఒక వాక్యంగా రాసేయండి.

ఇంకోటి, మీ తాతగారు చెప్పే "నది వెనక్కి పారడం" కూడా కట్టుకథ కాదు. శబరి నది వచ్చి గోదావరిలో కలిసేది కూనవరం దగ్గరే. గోదావరి పోటెత్తితే శబరి నీళ్లకు దారి దొరక్క వెనక్కి ఎగదన్ని, చూస్తుండగానే ఊళ్లలోకి వస్తాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఇక్కడి ఇళ్లు ఎన్ని మునిగాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ముంపు జాబితాలో ఉన్న ఊళ్లు ఇవి, పెద్దవాళ్లు చెప్పేవి ఇప్పుడే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి అన్నా.