గడ్డి నేల సర్వేకి క్వాడ్రాట్ వేయాలా, ట్రాన్సెక్ట్ వేయాలా?

మొయినాబాద్ వైపు ఒక బంచరాయిలో గడ్డి సర్వే చేయాలి, క్వాడ్రాట్లా (నేల మీద పెట్టి లోపలి మొక్కలు లెక్కించే చట్రాలు) ట్రాన్సెక్టా (తిన్నగా టేపు పరిచి దాని వెంట లెక్కించడం), ఎన్ని వేస్తే సరిపోతుంది అని అడిగారు. పద్ధతి సంగతి తర్వాత. చట్రం ఎక్కడ పడాలో మీ కన్ను నిర్ణయిస్తే ఏ పద్ధతైనా తప్పు లెక్కే ఇస్తుంది.

ఎమ్మెస్సీలో నేను చేసిన పొరపాటు అదే. గచ్చిబౌలి వైపు రాళ్ల గుట్టల మధ్య గడ్డి నేలలో (ఆ ఊళ్ల పేర్లలో కనిపించే 'కంచ' అంటేనే మేతకు వదిలిన భూమి) మీటరు చట్రాన్ని వెనక్కి తిరిగి విసిరేవాళ్లం. చూడకుండా విసురుతున్నాం కదా, ఇక పక్షపాతం ఏముంటుంది అనుకున్నాం. కానీ విసిరేటప్పుడు నిలబడేది ఎప్పుడూ కాలిబాట పక్కనే. రేగు పొదలో పడితే ముళ్లు గీసుకుంటాయని కాస్త పక్కకు జరిపేవాళ్లం. నెల తర్వాత మా గైడ్ సార్ కాగితాలు చూసి, "అక్కడ అంత రేగు, తంగేడు ఉంటే మీ లెక్కల్లో ఒక్క పొదా లేదేం?" అన్నారు. మొత్తం మళ్లీ చేశాం. అప్పటికి నవంబరు దాటింది. కంకులు రాలిపోయి, ఏది ఏ గడ్డో గుర్తుపట్టలేక చాలా టెన్షన్ పడ్డాం. మీరు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వెళ్లండి.

రెండోసారి ముందు నేలను గుట్ట వాలు, చదును, పల్లం అని విడదీశాం. ఒక్కోదానిలో మొదలుపెట్టే చోటును చీటీలతో తీసి, 50 మీటర్ల టేపు పరిచాం. అర మీటరుకొకసారి సన్నని పుల్ల నిలువుగా దించి, దానికి తగిలింది గడ్డా, రాయా, ఖాళీ నేలా అని రాసుకున్నాం. వంద చుక్కలు కాబట్టి లెక్క నేరుగా శాతంలోనే వస్తుంది. ఒకరి అంచనాకీ ఇంకొకరి అంచనాకీ తేడా వచ్చే గొడవ ఇందులో తక్కువ.

పొదలకు అదే టేపు చాలు. టేపు మీదుగా పొద కమ్మిన పొడవులు కలపండి. 50 మీటర్లలో 6 మీటర్లు వస్తే 12 శాతం. 1941లో అమెరికా పరిశోధకుడు కాన్‌ఫీల్డ్ వివరించిన పద్ధతి ఇది. చిన్న మొక్కలకైతే అమెరికా వృక్ష శాస్త్రవేత్త డాబెన్‌మైర్ వాడిన 20 × 50 సెంటీమీటర్ల చట్రం మోయడానికి కూడా తేలిక.

ఎన్ని అన్నదానికి ముందే ఒక అంకె పెట్టుకోకండి. ప్రతి ట్రాన్సెక్ట్ తర్వాత అప్పటివరకు వచ్చిన సగటు చూడండి. అది పెద్దగా కదలడం మానేశాక ఆపవచ్చు.

మేత బరువు కావాలంటే గడ్డి కోసి, ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూచండి. పచ్చి బరువు మొన్న పడ్డ వానను బట్టి మారిపోతుంది. కోతకు ముందు అక్కడి గొర్రెల కాపరితో తప్పకుండా మాట్లాడండి. మంద ఏ గడ్డిని ముందు తింటుందో, దేన్ని ముట్టదో మాకు చెప్పింది ఆయనే. మంద ఏ రోజు ఎటు వస్తుందో కూడా ఆయనకే తెలుసు, అందుకే కోతలు దానికి ముందు రోజు పెట్టుకున్నాం.